రక్షకభటుల రక్షణ ఎక్కడ నున్నది?

ప్రజాస్వామ్యమునందు పోలీసు అధికారికి చట్టము కల్పించిన రక్షణ ఎంతటిది, అది ఎవరినుండి రక్షణ, దాని హద్దు ఎచ్చట ముగియును అను ప్రశ్న మన దేశమున సాధారణముగా ఢిల్లీ తీర్పుల చుట్టును హైదరాబాదు సభల చుట్టును తిరుగుచుండును. కాని ఆ ప్రశ్నను పరిశీలింప దలచినవానికి కావలసిన సాక్ష్యములో పెద్దభాగము మన్యమునకు ముఖద్వారమైన నర్సీపట్నమునకు ఒక పగటి ప్రయాణపు దూరములోనే పోగుపడి యున్నది. ఇక్కడికి చేరువనే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి కలదు. ఘాటురోడ్డెక్కి లంబసింగి, చింతపల్లి దాటి పాడేరువైపు సాగినచో జి. మాడుగుల మండలమున వాకపల్లి అను కోందుల పల్లె కలదు. ఇక నర్సీపట్నపు ప్రాంతీయ వైద్యశాలలో మత్తు వైద్యుడుగా నుండిన డాక్టరు సుధాకర్ కథ రాష్ట్రమంతయు కన్నులార చూచినదే. ఈ మూడింటికిని నడుమ నూరేండ్ల కాలము గడచినది, ఒక సామ్రాజ్యము పోయి ఒక రాజ్యాంగము వచ్చినది. అయినను మూడింటిని ఒక్కచోట నుంచి చదివినపుడు నాకు తోచునది ఇది: మన దేశమున పోలీసుకు గల అసలైన రక్షణ చట్టపు సెక్షనులలో కంటె దర్యాప్తు కాగితములలోనే ఎక్కువగా నెలకొని యున్నది.

సమీపకాలపు ఉదంతముతో మొదలిడుదము. 2020 ఏప్రిల్ మొదటివారమున, కోవిడ్ భయము కొత్తగా ఆవరించిన దినములలో, తమ ఆసుపత్రిలో వైద్యులకు ఎన్-95 మాస్కులును రక్షణ దుస్తులును చాలినన్ని లేవని సుధాకర్ బహిరంగముగా పలికెను. ప్రభుత్వము ఆయనను సస్పెండు చేసెను. మే 16వ తేదీన విశాఖపట్నము అక్కయ్యపాలెము వద్ద జాతీయ రహదారిపైన, చొక్కా లేని దేహముతో, చేతులు వెనుకకు విరిచి త్రాటితో కట్టి, పోలీసులు ఆయనను ఆటోలోనికి ఎక్కించిన దృశ్యము దారిన పోవువారి సెల్‌ఫోనులలో చిక్కి గంటలలో రాష్ట్రమంతట వ్యాపించెను. మద్యము సేవించి రభస చేయుచున్న వ్యక్తిని నిలువరించితిమని పోలీసులు చెప్పిరి. చేయి చేసికొనిన ఒక కానిస్టేబులును సస్పెండు చేసిరి. వైద్యుని కింగ్ జార్జి ఆసుపత్రికిని, అచ్చటినుండి ప్రభుత్వ మానసిక వైద్యశాలకును తరలించిరి. ఒక రాజకీయ నాయకురాలు వ్రాసిన లేఖను ఆధారముగా గైకొని హైకోర్టు విచారణ చేపట్టి, ఒక న్యాయాధికారి స్వయముగా వెళ్ళి సుధాకర్ వాంగ్మూలమును నమోదు చేయవలెనని ఆదేశించెను. అట్లు నమోదైన గాయములకును, ప్రభుత్వము సమర్పించిన నివేదికలోని గాయములకును పొంతన కుదరలేదు. ఆ వ్యత్యాసమే కారణముగా మే 22వ తేదీన దర్యాప్తు సి.బి.ఐ.కి అప్పగింపబడెను. మరుసటి యేడు మే 21వ తేదీన సుధాకర్ గుండెపోటుతో మరణించెను. అప్పటికి ఆ దినపు సంఘటన విషయమున ఏ న్యాయస్థానమును ఏ పోలీసునూ దోషిగా నిర్ణయించి యుండలేదు.

ఆయన త్రాగి యుండెనా లేదా అనునది వీథి వాదములకు పనికివచ్చు ప్రశ్న. చట్టమునకు సంబంధించినంతవరకు అది దాదాపు అప్రస్తుతము. పట్టుబడినవాడు పారిపోకుండుటకు అవసరమైనంత నిర్బంధమే కాని అంతకు మించి కూడదని నాడు అమలులో నున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్పష్టముగా చెప్పినది. సంకెళ్ళు వేయుట మినహాయింపుగా నుండవలెను గాని నియమముగా నుండరాదని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో తీర్పు చెప్పినది. సంకెలకే ఇన్ని కట్టుబాట్లున్న దేశమున త్రాటికి ఏ అనుమతి యుండును? ఈ ఉదంతమున గమనింపదగినది వేరు. దారిన పోవువారి ఫోనులు లేకున్నచో, న్యాయాధికారి వేరుగా వెళ్ళి గాయములు లెక్కింపకున్నచో, ఆసుపత్రి కాగితము ఒక్కటే లోకమున మిగిలి యుండెడిది, దానియందు వ్రాసినదే సత్యమై యుండెడిది.

ఇక చట్టమును చూతము. సామాన్యులు తలంచునంత బలమైన కవచము చట్టమునందు నిజముగా లేదు. కోడ్‌లోని 197వ సెక్షను (2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 218వది), ప్రభుత్వానుమతి లేనిదే ఉద్యోగమునుండి తొలగింపరాని అధికారిపై, విధి నిర్వహణలో చేసిన పనికిగాని, అట్లు చేయుచున్నట్లు భావించి చేసిన పనికిగాని, ప్రభుత్వానుమతి లేక న్యాయస్థానము కేసు స్వీకరింపరాదని చెప్పును. ఈ వాక్యములో మొదటి షరతును మనవారు చాలమంది విడిచిపెట్టి చదువుదురు. కానిస్టేబులును సబ్-ఇన్‌స్పెక్టరును తొలగించు అధికారము పోలీసుశాఖలోని పై అధికారులకే యుండును గనుక, ప్రభుత్వము ప్రత్యేకముగా నోటిఫికేషను వెలువరించినప్పుడు తప్ప, ఈ గొడుగు వారి తలమీదికి రాదు. అనగా లాఠీ పట్టినవానికి రక్షణ తక్కువ, లాఠీ ఎత్తుమని చెప్పినవానికి ఎక్కువ.

రెండవ షరతు విధి నిర్వహణ అను మాటకు సంబంధించినది. 1948లో ప్రీవీ కౌన్సిలు గిల్ కేసులో, తీర్పు చెప్పుట న్యాయాధిపతి విధియే యైనను ఆ తీర్పుకై లంచము గైకొనుట విధి కాజాలదని తేల్చినది. ఈ సూత్రమును ఆంధ్రదేశపు కేసొకటి మరింత తీవ్రముగా పరీక్షించెను; దాని వేరులు చాల పాతవి. 1855లో మద్రాసు రాజధానిలోని హింసాపద్ధతులపై ఒక కమీషను విచారణ జరిపి, శిస్తు వసూలునకును నేరముల ఒప్పుకోలునకును గ్రామోద్యోగులు మొదలు తాలూకా సిబ్బంది వరకు ప్రజలను ఎట్లు పీడించుచుండిరో బయటపెట్టినది. ఆ అపకీర్తిని బాపుకొనుటకై రెవిన్యూశాఖనుండి పోలీసును వేరుచేయుచు 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టము వచ్చినది. చిత్రమేమనగా, హింసను మాన్పుటకు పుట్టిన ఆ చట్టములోనే, దాని క్రింద చేసిన పనికి పోలీసుపై దావాగాని అభియోగముగాని మూడు మాసములలోపల తేవలెనను 53వ సెక్షను చేరినది. శతాబ్దము గడచిన పిమ్మట, ఠాణాలో దెబ్బలు తిని మరణించిన ఒక వ్యక్తి విషయమున నిందితులైన ఆంధ్ర పోలీసులు ఈ గడువును అడ్డుపెట్టుకొనిరి. నిర్బంధమున నున్న మనిషిని కొట్టుట ఆ చట్టము క్రింద చేసిన పని ఎట్లగునని సుప్రీంకోర్టు 1963లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము, వేణుగోపాల్ నడుమ కేసులో ఆ వాదమును త్రోసిపుచ్చెను.

అయినను న్యాయస్థానముల చూపు ఎల్లప్పుడు ఒక్క దిక్కున లేదు. సుధాకర్ ఉదంతము జరిగిన మరుసటి నెలలోనే, 2020 జూనులో, కర్ణాటకకు చెందిన దేవరాజ కేసులో, అధికారి హద్దు మీరినను ఆ పనికి విధితో సహేతుకమైన సంబంధమున్నంతవరకు అనుమతి కావలెనని సుప్రీంకోర్టు చెప్పినది. కొత్త సంహితయందు ఒక చేతితో ఇచ్చినదానిని మరియొక చేతితో తీసికొన్నారని నా యభిప్రాయము: అనుమతి కోరిన 120 దినములలో ప్రభుత్వము నిర్ణయింపనిచో అనుమతి లభించినట్లే యనుట మంచి మార్పు, కాని ఉద్యోగిపై దర్యాప్తునకు ఆదేశించుటకు ముందు అతని పై అధికారి నివేదికను మేజిస్ట్రేటు పరిశీలింపవలెనని చేర్చిన 175వ సెక్షను నిబంధన, ఫిర్యాదు మొగ్గలో నుండగనే శాఖకు మొదటి మాట ననుగ్రహించినది. లైంగిక నేరముల విషయమున మాత్రము 2013 సవరణ అనుమతి అక్కరలేదని నిస్సందేహముగా తేల్చినది.

నష్టపరిహారపు మార్గము మరియొకటి. ఇచ్చట రాజ్యమునకు గల సార్వభౌమ రక్షణ చాలకాలము అడ్డుగోడయై నిలిచినది. మీరట్‌లో పోలీసులు బంగారు వ్యాపారియొక్క సొత్తును స్వాధీనపరచుకొనగా, హెడ్ కానిస్టేబులు ఆ బంగారముతో పాకిస్తానునకు పారిపోయెను. 1964లో కస్తూరీలాల్ కేసులో రాజ్యము బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీంకోర్టు, ఆ చట్టస్థితి మార్పు నొందవలసినదేయని వాపోవుచు, తీర్పు నిచ్చినది. ఆ గోడను బలముగా కదిలించినది మన కర్నూలు జిల్లా. 1977 మే మాసమున ఒక రాత్రి కోయిలకుంట్ల సబ్‌జైలులో నిదురించుచున్న ఖైదీలపై దుండగులు బాంబులు విసరగా చల్లా చిన్నప్పరెడ్డి మరణించెను, ఆయన కుమారుడు గాయపడెను. తమకు ప్రాణభయమున్నదని వారు ముందే మొరపెట్టుకొనియుండిరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1989లో పరిహారముగా 1,44,000 రూపాయలు మంజూరు చేయగా, 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు దానిని స్థిరపరచి, రాజ్యాంగము 21వ అధికరణముననుసరించి ప్రాణమునకు హామీ యిచ్చినచోట రాజులనాటి రక్షణ చెల్లదని నిర్ణయించెను. దావా వేసినవాని యోర్పు మెచ్చదగినదే. కాని సంఘటననుండి తుది తీర్పు వరకు ఇరువదిమూడేండ్లు వేచియుండుటకు అందరకును అట్టి బలము లేదు. పైగా ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానానుండి వచ్చును, తప్పు చేసినవాని జీతమునుండి కాదు.

చట్టము ఇట్లుండగా ఫలితము ఇంకొకవిధముగా నేల యుండుచున్నది? దీనికి సమాధానము వాకపల్లి. 2007 ఆగస్టు 20వ తేదీ వేకువజామున కూంబింగునకు వచ్చిన ప్రత్యేక పోలీసు దళమైన గ్రేహౌండ్స్ సిబ్బంది తమపై అత్యాచారము జరిపిరని ఆ పల్లెకు చెందిన పదునొకండుగురు కోందు స్త్రీలు ఆరోపించిరి. ఇంటినుండి పాడేరు వచ్చి అధికారులకు మొరపెట్టుకొనిరి. అక్షరములు రాని, తెలుగు సరిగా పలుకలేని ఆ స్త్రీలు అధికారుల ఎదుట నిలుచుటయే నాటి మన్యమున ఒక చారిత్రక ఘటన. కేసు నమోదయ్యెను, దర్యాప్తు పోలీసుశాఖ చేతిలోనే యుండెను. అది ఉమ్మడి రాష్ట్రపు కాలము, మావోయిస్టు వ్యతిరేక చర్యలు తీవ్రముగా నడచుచుండిన కాలము. అది మావోయిస్టుల ప్రోద్బలముతో పుట్టిన కట్టుకథయని అధికార వర్గములు చెప్పినవి. కేసు హైకోర్టుకు వచ్చెను. ఇరువదియొక్క మంది సిబ్బందిలో పదముగ్గురిపై విచారణ జరుగవలసినదేనని 2012లో హైకోర్టు చెప్పినది. ఆ పదముగ్గురును సుప్రీంకోర్టుకు పోయిరి. 2017లో సుప్రీంకోర్టు విచారణకు పచ్చజెండా ఊపినది. పల్లెలో జరిగినదనబడు నేరమునకును విశాఖపట్నములోని ప్రత్యేక న్యాయస్థానమున సాక్షులు నోరు విప్పుటకును నడుమ పదునొకండేండ్లకు మించిన కాలము గడచెను.

2023 ఏప్రిల్ 6వ తేదీన ప్రత్యేక న్యాయస్థానము పదముగ్గురిని నిర్దోషులుగా విడుదల చేసినది. ఆ తీర్పును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మొదటిది, వారు చట్టముయెదుట నేడు నిర్దోషులే. వారిని దోషులని వ్రాయు హక్కు ఏ వ్యాసకర్తకును లేదు. రెండవది, ఆ తీర్పులోనే న్యాయస్థానము దర్యాప్తు సక్రమముగా జరుగలేదని తప్పుపట్టి, దర్యాప్తు అధికారులపై చర్యకు సిఫారసు చేసి, బాధితులకు జిల్లా న్యాయసేవా సంస్థ ద్వారా పరిహారము చెల్లింపవలెనని ఆదేశించినది. నిందితులను బాధితులచేత గుర్తింపజేయు పరేడు సకాలమున జరుగకపోవుట ముఖ్యమైన లోపము. ఒకే రంగు దుస్తులు ధరించి, తెల్లవారు వెలుగులో, పేరు తెలియని మనుష్యులు గుంపుగా వచ్చిన సంఘటనలో ఎవరేమి చేసిరో చెప్పుటకు మొదటి వారములలోనే గుర్తింపు జరుగవలెను. ఆ అవకాశము గడచిన పిమ్మట ఎన్నేండ్లు వాదించినను ఏ న్యాయవాదియు దానిని తిరిగి తేజాలడు. ఒక తీర్పు నిందితులను విడుదల చేయుచు, ఆ విడుదలకు కారణమైన దర్యాప్తును గర్హించుచు, ఫిర్యాదుదారులకు పరిహారము నిచ్చుట మన న్యాయచరిత్రలో విరళమైన విషయము. ఇందులో 197వ సెక్షను పాత్ర ఏమియు లేదు. ప్రభుత్వానుమతి అను అడ్డుగోడ వాకపల్లి స్త్రీలను ఆపలేదు. వారిని ఆపినది తాము ఎవరిపై ఫిర్యాదు చేసిరో వారి శాఖయే వ్రాసిన కేసు డైరీ.

ఇదియంతయు చెప్పునపుడు పోలీసు పక్షమున చెప్పవలసిన మాటయు కలదు. 2008 జూన్ 29వ తేదీన బలిమెల జలాశయమున పడవలో వచ్చుచున్న గ్రేహౌండ్స్ దళము మావోయిస్టుల కాల్పులలో చిక్కి, ముప్పదిమందికి పైగా సిబ్బంది మరణించిరి. గుట్టల నడుమ అట్టి భయముతో తిరుగువానికి ప్రతి కేసును తన మెడకు ఉరిత్రాడుగా తోచుటలో ఆశ్చర్యము లేదు. విద్వేషముతో వేసిన తప్పుడు ఫిర్యాదులనుండి వానికి రక్షణ కావలెననుట న్యాయమైన కోరికయే. కాని నిజాయితీగల పోలీసునకు ఉత్తమమైన రక్షణ, నమ్మదగిన దర్యాప్తు ద్వారా నిర్దోషియని తేలుటయే గదా. లోపభూయిష్టమైన దర్యాప్తు అపరాధిని ఎంత రక్షించునో నిరపరాధిని అంతే మరకతో విడిచిపెట్టును.

ఎన్‌కౌంటరు అను పదము తెలుగువారికి పరిచయమైన చరిత్ర ఇంకను పాతది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై సీతారామరాజు దాడిచేసి ఆయుధములు గైకొనెను. తీసికొన్న తుపాకులకు ఠాణా రికార్డులోనే లెక్క వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. దోపిడివాడనబడినవాడు కాగితముమీద లెక్క చెప్పినాడు. 1924 మే 7న ఆయన పట్టుబడి, విచారణ ఏదియు లేకయే, కొయ్యూరు వద్ద మేజర్ గుడాల్ అధీనమున కాల్చి చంపబడెను. పారిపోవ ప్రయత్నించుచుండగా కాల్చితిమని నాటి ప్రభుత్వపు వివరణ. స్వతంత్ర భారతమున శ్రీకాకుళపు కొండలలో 1970 జూలై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము మరణించిన నాటినుండి అట్టి వివరణయే రకరకములైన వాక్యములలో పత్రికలకు వచ్చుచుండెను. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ మొదలైన న్యాయవాదులు ఈ వాక్యములను న్యాయస్థానములలో దశాబ్దములు ప్రశ్నించిరి. దాని ఫలితమే 1996, 97 సంవత్సరములలో జాతీయ మానవహక్కుల సంఘపు ఆదేశములు. పిమ్మట 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రతి ఎన్‌కౌంటరు మరణమునకును ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలెననియు, ఆత్మరక్షణ అను వాదమును పోలీసు విచారణలోనే నిరూపించుకొనవలెననియు చెప్పిన తీర్పు. దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చినది. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తానే పదునారు మార్గదర్శకములను వెలువరించినను, వాని ప్రకారము దర్యాప్తు చేయువారు సి.ఐ.డి.గాని, మరియొక ఠాణా పోలీసులుగాని. అనగా ఇల్లు మారినది గాని కుటుంబము మారలేదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపమున చటాన్‌పల్లిలో ఒక అత్యాచార, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించినపుడు వీథులలో పూలు చల్లినవారే, పదిమంది పోలీసులపై హత్యానేరపు విచారణ జరుపవలెనని జస్టిస్ సిర్పుర్కర్ కమీషను చేసిన సిఫారసు 2022 మే మాసమున వెల్లడైనపుడు మౌనముగా నుండిరి. ప్రజాస్వామ్యమున పోలీసు బాధ్యతను గూర్చి మాటలాడునపుడు ఈ పూలను మరచుట కపటము.

పరదేశముల నుండి ఏమైన నేర్వవచ్చునా? అమెరికాలో అధికారులకు గల షరతులతో కూడిన రక్షణ, 1967లోను 1982లోను అచ్చటి సుప్రీంకోర్టు తీర్పులతో రూపుదిద్దుకొన్నది. అది నష్టపరిహారపు దావాలకే వర్తించును గాని క్రిమినల్ కేసులకు కాదు. సుధాకర్ ఉదంతము జరిగిన తొమ్మిది దినములకే, 2020 మే 25న, మినియాపొలిస్‌లో ఒక పోలీసు అధికారి చేతిలో జార్జి ఫ్లాయిడ్ మరణించెను. ఆ పోలీసు అధికారి మరుసటి ఏప్రిలులోనే దోషిగా తేలెను. అచ్చట అన్నియు సజావుగా నున్నవని దీని యర్థము కాదు. మన కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన ఒక విద్యార్థిని 2023 జనవరి 23న సియాటిల్‌లో గంటకు 74 మైళ్ళ వేగముతో వచ్చిన పోలీసు వాహనము ఢీకొని మరణింపగా, ఆమె ప్రాణమునకు విలువ పరిమితమేయని ఫోనులో నవ్వుచు మాటలాడిన అధికారి కొలువు పోయెను గాని, వాహనము నడిపినవానిపై తీవ్రనేరపు అభియోగము మోపుటకు ప్రాసిక్యూటరు నిరాకరించెను. నేను గాఢముగా తలపోయు నమూనా ఉత్తర ఐర్లాండుది: అచ్చట 2000 సంవత్సరమునుండి పోలీసు అంబుడ్స్‌మన్ అను కార్యాలయము, పోలీసుశాఖకు వెలుపలి దర్యాప్తుదారులతో, అరెస్టు అధికారముతో సహా, పోలీసులపై ఫిర్యాదులను తానే శోధించుచున్నది. మొదటి కాగితము వ్రాయు చేయి వేరైనది.

మన దేశమున దీనికి సమీపముగా రాదగినది, పోలీసు ఉన్నతోద్యోగము చేసి విరమించిన ప్రకాశ్‌సింగ్ 1996లో వేసిన పిటిషనుపై సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న నిచ్చిన ఏడు ఆదేశములలో ఒకటి: రాష్ట్రములోను ప్రతి జిల్లాలోను విశ్రాంత న్యాయమూర్తుల ఆధ్వర్యమున పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రస్థాయి సంస్థ రూపుదాల్చుటకే పదేండ్లకు పైబడి పట్టినది. రాష్ట్ర మానవహక్కుల సంఘము సిఫారసు మాత్రమే చేయగలదు, ఏడాది దాటిన ఫిర్యాదును స్వీకరింపజాలదు. ఇక కెమెరాల విషయము. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్‌సింగ్ సైనీ కేసులో, దేశములోని ప్రతి ఠాణాలో లోపల బయట, లాకప్పుల వెంబడి, రాత్రివేళ కూడ పనిచేయు సి.సి. కెమెరాలుంచి, వాని దృశ్యములను పదునెనిమిది మాసములు భద్రపరుపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది; రాష్ట్ర, జిల్లా పర్యవేక్షక సంఘములను నియమించినది. అదే తీర్పులో, ఆ కెమెరాలు పనిచేయుటయు, వాని నిర్వహణయు, రికార్డుల భద్రతయు ఎవరి బాధ్యతయో కూడ చెప్పినది: ఆ ఠాణా అధికారిదే.